మత్స్యోదర నేత్రం

1792 మార్చిలో శ్రీరంగపట్టణం సంధి కుదిరి, బారామహల్ సీమ టిప్పు సుల్తాను ఏలుబడి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన కొద్ది వారాలకే, థామస్ డానియెల్ అనే ఆంగ్ల చిత్రకారుడు తన సోదరుని కుమారుడు విలియమ్‌ను వెంటబెట్టుకొని మద్రాసు నుంచి బయలుదేరి, కారన్‌వాలిసు సేనలు అంతకుముందే నడిచి నలగగొట్టిన బాట వెంట కొండకోటల నాట అడుగుపెట్టాడు. రాయకోట, జగదేవి, హోసూరు మొదలైన పేర్లు, ఆంగ్లేయుల నోట కొంత వికృతమై, 1795కీ 1808కీ మధ్య లండనులో వెలువడిన వారి 144 చిత్రఫలకాల సంపుటాల్లోకి ఎక్కాయి. హోసూరు 1799 దాకా టిప్పు ఏలుబడిలోనే ఉంది. ఫలకం కూడా దాన్ని మైసూరు సీమలోనిదిగానే పేర్కొంటుంది. మన ప్రాంతపు రూపం పాశ్చాత్య పద్ధతిలో కాగితం మీదికి ఎక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి గనుక చరిత్రకారుడు ఆ ఫలకాలను గౌరవంతోనే చూడాలి. కొండ ఆకారం, కోట వంపు, ఆకాశంలో మారే వెలుతురు వాటిలో ఎంతో శ్రద్ధగా నిలిచాయి. మనుషులు మాత్రం కొండ ఎంత ఎత్తో చెప్పే కొలబద్దలుగా ముందుభాగంలో చిన్నచిన్న ఆకృతులై మిగిలారు. వారికి ముఖాలు లేవు. ముఖం లేని చోట చూపు ఎక్కడిది?

ఇది డానియెళ్ళ దోషమని అనడం న్యాయం కాదు. వారు నేర్చిన ప్రకృతిదృశ్య రచనా సంప్రదాయంలో మనిషికి దక్కిన స్థానమే అంత. అయితే, వారు గీసిన ఆ కొండలకు నాలుగైదు రోజుల నడక దూరంలో, అప్పటికి రెండున్నర శతాబ్దాలకు పూర్వమే, ముఖాలే ముఖ్యంగా, చూపులే కథగా నిర్మించిన ఒక చిత్రలోకం సున్నపు పూత మీద నిలిచి ఉంది. చూపు, కాంక్ష, దేహం అనే మూడింటిని తెలుగువారి చిత్రకళ ఏ కాలంలో ఎలా పరిష్కరించుకుందో తెలుసుకోగోరేవారు అక్కడినుంచే మొదలుపెట్టడం సమంజసం.

అంతకన్నా ప్రాచీనమైనది మన గడపలోనే ఉంది. కృష్ణగిరి జిల్లా బరుగూరు దాపున మల్లపాడి గుట్టల్లోని రాతి చరియ మీద తెల్లని రంగుతో గీసిన గుర్రపు రౌతులు, పోరాడే మనుషులు నేటికీ కానవస్తారు. గీతకు గీత, చేతికి చేయి, అంతే, కన్ను లేదు. ఆ తరువాతి శతాబ్దాల్లో ఈ సీమంతటా నిలిచిన వీరగల్లుల మీద నేలకొరిగిన వీరుణ్ణి చెరోపక్క చేయిపట్టి పైలోకానికి కొనిపోయే అప్సరసలు శిల్పరూపంలో కనిపిస్తారు. మరణానికీ శృంగారానికీ మధ్య ఉన్న ఆ చుట్టరికాన్ని మన ఊళ్ళ రాతిపనివారు అలవోకగా అంగీకరించారు. కానీ కంటిని శాస్త్రంగా ఆలోచించింది వేరే చోట.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం కన్నుల ఆకారాలను ఐదుగా విభజించింది. యోగులకు, ధ్యానంలో ఉన్నవారికి విల్లువంటి కన్ను, స్త్రీలకు, కాముకులకు చేప పొట్టవంటి మత్స్యోదర నేత్రం, నిర్వికారులకు కలువరేకు, భయపడినవారికి, ఏడ్చేవారికి తామరరేకు, కోపం, వేదన కలిగినవారికి సానరాతి ఆకారం. ఈ విభజనలో మనం గమనించవలసింది కన్నుల అందం కాదు. కన్ను అన్నది ముఖంలో స్థిరంగా ఉండే అవయవమనే భావాన్నే ఆ గ్రంథం తోసిపుచ్చింది. మనిషి దేన్ని ఎలా చూస్తున్నాడో దాన్నిబట్టి కంటి ఆకారం మారుతుంది. కాంక్షించే కన్ను వేరు, విరమించిన కన్ను వేరు. పైగా మత్స్యోదరాన్ని స్త్రీకి మాత్రమే కట్టబెట్టక కామించే పురుషునికి కూడా ఇవ్వడంలో, చూడబడే దేహానికీ చూసే దేహానికీ ఒకే ఆకారాన్ని పంచిన ఔచిత్యం ఉంది. ఈ ఔచిత్యం తరువాతి కాలంలో ఎప్పుడు చెదిరింది, ఎవరు దాన్ని తిరిగి కూర్చారు అన్నదే ఈ వ్యాసంలో నా విచారణ.

మొదట చెప్పిన చిత్రలోకానికి నెలవైన లేపాక్షి వీరభద్రాలయం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల పాలనలో, అంటే 1529కీ 1542కీ మధ్య, పెనుగొండలో రాజోద్యోగిగా ఉన్న విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణల పూనికతో నేటి రూపం పొందింది. పెనుగొండ మాట రాగానే హోసూరు, కృష్ణగిరుల పాఠకునికి జగదేవరాయలు గుర్తుకు రావాలి. 16వ శతాబ్ది చివరి పాదంలో దక్కను సుల్తానుల సైన్యాలు పెనుగొండను ముట్టడించినప్పుడు దాన్ని కాపాడినందుకు ప్రతిఫలంగా బారామహల్ సీమను పొందిన తెలుగు నాయకుడు ఆయనే. కృష్ణగిరి దగ్గరి జగదేవి ఆయన పేరునే మోస్తున్నది. లేపాక్షికీ మన కొండలకీ ఉన్న బంధుత్వం రాజకీయంగా అంత దగ్గరిది.

ఆలయ మండపాల్లో నిలబడి మెడ వెనక్కి వాల్చి చూస్తే, కప్పురాళ్ళ మీద పొడుగాటి పట్టీలుగా కథలు సాగుతాయి: గిరిజా కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుని కథ, ద్రౌపదీ స్వయంవరం. కావిరంగు, పసుపు, నలుపు, తెలుపు, కొంత ఆకుపచ్చ. ఒక పెళ్ళి ఘట్టం దగ్గర ఆగుదాం. వరుసగా నిలిచిన స్త్రీల ముఖాలు దాదాపు అన్నీ పక్కవాటుగా ఉన్నాయి. మొనదేలిన ముక్కు, కొద్దిగా ముందుకు వచ్చిన గడ్డం, మెడమీదికి వాలిన పెద్ద కొప్పు, కొప్పు చుట్టూ పూలు. నల్లని సన్నని గీత కంటి కొనను చెవి దాకా లాగి వదిలింది. ఆ నడుమ తెల్లని జాగాలో కనుపాప ఎదుటి మనిషి వైపుకు జరిగి ఉంది. చీరల మీద గళ్ళు, చుక్కలు, హంసలు, తీగలు ఒకదానిలా ఒకటి లేవు. ఈ అంచులనే నేటి నేతగాళ్ళు లేపాక్షి అంచులంటారు. దేహాన్ని కప్పుతూనే దాని వంపును చెప్పే నేర్పు ఆ వస్త్రంలో ఉంది. నడుము దగ్గర కుచ్చెళ్ళు సన్నబడి, తుంటి దగ్గర విచ్చుకుంటాయి. దేహం ఇక్కడ దాచదగినదీ కాదు, చాటదగినదీ కాదు. నగలూ పూలూ కొప్పూ చీరా అన్నీ కలిసినదే దేహం.

వీటన్నిటికన్నా విశేషం చూపుల కూర్పు. ఒకామె చూపు పక్కనున్న ఆమె చేతిమీద పడుతుంది. ఆమె చూపు పెళ్ళికూతురి మీద. పెళ్ళికూతురి చూపు వరుని మీద. చూపులన్నీ ఆ పట్టీ లోపలే ఒకరినుంచి ఒకరికి నడుస్తాయి, దారంలో పూలు గుచ్చినట్టు. కింద నిలబడిన మన వైపు ఎవ్వరూ చూడరు. వారికి మనం అక్కరలేదు. కాంక్ష ఉన్నది, దాచుకోకుండానే ఉన్నది. కానీ దాన్ని తీర్చడానికో రెచ్చగొట్టడానికో ప్రేక్షకుడు కావలసిన అవసరం ఆ చిత్రకారులకు తోచలేదు. ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు మత్స్యయంత్రాన్ని గురిచూసే ఘట్టం కూడా ఈ కప్పుమీదే ఉంది: నీటిలోని నీడను చూస్తూ పైనున్న చేప కంటిని కొట్టడం. కాంక్షించిన దాన్ని నేరుగా చూడరాదనే నియమం మీద నడిచిన ఆ పరీక్షను, చూపుల పట్ల ఇంత ఎరుక ఉన్న చిత్రకారులు ఎంచుకోవడం కాకతాళీయమని నాకు తోచదు.

అదే ఆలయంలో చూపునకు సంబంధించిన ఒక భయానక ఐతిహ్యం కూడా ఉంది. రాజధనాన్ని అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టాడన్న నేరానికి రాజు విరూపణ్ణ కన్నులు తీయించమన్నాడనీ, ఆ శిక్షను తానే అమలుచేసుకొని తన కనుగుడ్లను గోడకేసి కొట్టాడనీ, గోడమీది రెండు ఎర్రని మరకలు వాటివేననీ స్థలజ్ఞులు చూపిస్తారు. ఊరి పేరుకు ‘లోపించిన కన్ను’ అనే వ్యుత్పత్తి కూడా ఇందులోనుంచే చెబుతారు. ‘లే, పక్షీ’ అని రాముడు జటాయువును లేపిన కథ మరొకటి. చరిత్రకారునికి ఇవి రెండూ సాక్ష్యాలు కావు. అయినా, చూపుల విందు చేసిన ఆలయానికి జనశ్రుతి కన్నుల బలినే మూలకథగా కట్టడంలో ఒక లోతైన స్మృతి ఉంది. అంత అందాన్ని చూసినందుకు ఎవరో వెల చెల్లించి ఉండాలని ప్రజలు నమ్మారు.

తళ్ళికోట యుద్ధం తరువాత పోషకులను వెతుక్కుంటూ దక్షిణానికి దిగిన కళాకారుల కథ విస్తారమైనది; ఇక్కడ దానిలో కొంతే అవసరం. తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతాల్లో స్థిరపడిన రాజు కులస్థులు, మదురైలోని నాయుళ్ళు తెలుగు మాట్లాడే చిత్రకారవంశాలవారు. బంగారు రేకుతో, పొదిగిన రాళ్ళతో తంజావూరు పటాలు చేసినది ముఖ్యంగా వారే. ఆ పటాల్లో దేవుడు భక్తుణ్ణి నేరుగా చూస్తాడు. పక్కవాటు చూపు పోయి, ఎదురు చూపు వచ్చింది. దర్శనమనే మాటకు ఇద్దరు చూసుకోవడమని అర్థం గనుక పూజాపటానికి అది సహజమైన మార్పే. కానీ అదే చేతులు కంపెనీ దొరల కోసం కులానికొక జంట చొప్పున భార్యాభర్తలను నిలబెట్టి గీసిన పటాలలో ఆ ఎదురు చూపు ఒట్టిపోయింది. దేహం అక్కడ నమూనా. వృత్తికీ వేషానికీ గుర్తు. రాగం దానిలో లేదు. అదే తంజావూరు ఆస్థానంలో, 18వ శతాబ్ది మధ్యకాలంలో, ముద్దుపళని రాధికా సాంత్వనంలో స్త్రీ కోరికను స్త్రీ గొంతుతోనే చెప్పిందన్న సంగతిని చిత్రకళా చరిత్రకారుడు కూడా మరువరాదు; దాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిపాఠంతో ప్రచురిస్తే అశ్లీలమని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఈ ఒకటిన్నర శతాబ్దంలో దేహాన్ని గురించిన మన అంగీకారం ఎంత ముడుచుకుపోయిందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన కొలత లేదు.

ఆ సంకోచపు కాలంలోనే రాజా రవివర్మ వచ్చాడు. తిరువిదాంకూరు ఆస్థానంలో అళగిరి నాయుడు, రామస్వామి నాయకరు వంటి మదురై చిత్రకారులు ముందుతరానికి చెందినవారు. వీరిలో రామస్వామి నాయకరు తైలవర్ణ రహస్యాలు చెప్పడానికి నిరాకరిస్తే, కుర్ర రవివర్మ చూచి నేర్చుకున్నాడని చరిత్ర. 1873లో మద్రాసు ప్రదర్శనలో జుట్టు ముడుచుకునే నాయరు స్త్రీ పటానికి అతనికి స్వర్ణపతకం వచ్చింది. 1894లో బొంబాయిలో పెట్టిన శిలాముద్రణాలయం ద్వారా అతని బొమ్మలు దక్షిణాదిలోని సామాన్యుల ఇళ్ళ గోడలమీదికి చేరాయి. మైసూరు మహారాజు వ్రాయించుకున్న పురాణచిత్రాలు నేటికీ జగన్మోహన సౌధంలో ఉన్నాయి.

అతని శకుంతల కాలిలో ముల్లు తీసుకునే నెపంతో ఆగి వెనుదిరిగి చూస్తుంది. దుష్యంతుడు పటంలో లేడు. లేపాక్షిలో ఒకరినుంచి ఒకరికి నడిచిన చూపు, ఇక్కడ మొదటిసారి చట్రం దాటి బయటికి పోయింది. ఆ కాంక్షకు అటువైపు కొస పటంలో లేనందువల్ల, చూసేవాడు ఊహతో ఆ చోటును నింపక తప్పదు. మైసూరు సేకరణలోని వాద్యకారిణుల పటంలో పదకొండుమంది స్త్రీలు గుమిగూడి కూర్చున్నా వారి చూపులు ఒకదానితో ఒకటి కలవకపోవడం ఇదే మార్పుకు మరో ముఖం. వారు కూడి ఉన్నది ఒకరికోసం ఒకరు కాదు, మనకోసం. ఆనంద కుమారస్వామి వంటి విమర్శకులు రవివర్మలో నాటకీయతను తప్పుపట్టారు. ఆ తీర్పు కొంత కఠినం. దేవతలకు నెత్తురు, చర్మం, బరువు ఇచ్చినవాడు అతడే. కానీ స్త్రీదేహాన్ని ఒంటరి చేసి ప్రేక్షకుని ఎదుట నిలిపిన వాడు కూడా అతడే అని ఒప్పుకోవాలి. తరువాతి క్యాలెండర్లు, సినిమా బొమ్మలు ఆ ఒంటరితనాన్నే అమ్ముకున్నాయి.

ఈ వారసత్వానికి గట్టి జవాబు గోదావరి ఒడ్డు నుంచి వచ్చింది. 1909లో రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే, స్వయంగా చిత్రకారుడు, కవి. తరగతి గదికన్నా నదీతీరమే మంచి బడి అని నమ్మిన మనిషి. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం, కవికొండల వెంకటరావు అతని చుట్టూ పెరిగారు. 1897 మార్చి 8న పుట్టిన రామారావును 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పంపించడంలో కూల్డ్రే చూపిన పట్టుదల లేకపోతే ఆంధ్ర చిత్రకళ చరిత్ర వేరుగా ఉండేది. రామారావు అక్కడ చదువు ముగించే సంవత్సరాల్లోనే గ్లాడ్‌స్టన్ సాలమన్ సారథ్యంలో సజీవ నగ్నదేహాన్ని ఎదుట ఉంచుకొని గీసే తరగతులకు ఆ కళాశాల తలుపు తెరిచింది. ఇది చిన్న మార్పు కాదు. ప్లాస్టరు విగ్రహాన్ని చూసి గీయడం వేరు. ఊపిరి పీల్చే, అలసిపోయే, నిలబడి నిలబడి కాలు మార్చే మనిషిని చూసి గీయడం వేరు. చూసేవాడి కన్ను చూడబడే దేహానికి బాధ్యత వహించవలసి వస్తుంది.

ఆనాటి చిత్రకళలో రెండు మార్గాలు ఎదురెదురుగా ఉన్నాయి. కలకత్తాలో అవనీంద్రనాథుని శిష్యులు దేహాన్ని పొగమంచులో కరిగించి, బరువు తీసి, భావంగా మార్చారు. శరీరశాస్త్రం పాశ్చాత్య జాడ్యమని వారి పక్షపు వాదం. ఈ మార్గాన్ని 1922 నుంచి బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ బోధించాడు. బాపిరాజు ఆయన వద్దే నేర్చాడు. బొంబాయి దేహాన్ని కండతో, వెలుగునీడలతో నిలిపింది. రామారావు రెండింటినీ ఎరిగి, దేనికీ లొంగలేదు. కండరం ఎక్కడ ముడుచుకుంటుందో తెలిసిన చేత్తోనే అజంతా గీతను మళ్ళీ పట్టుకున్నాడు. తెలిసినదాన్ని చూపించకపోవడంలో ఉన్న సంయమనం అతని చిత్రాలకు బలం.

అతడు ఎన్నుకున్న కథలను చూడండి. ఋష్యశృంగ బంధనం: పుట్టినది మొదలు స్త్రీని చూడని ముని, వర్షం కోసం అంగరాజు పంపిన వేశ్యలను చూసి వారూ ఏదో ఆశ్రమపు తాపసులే అనుకున్నాడు. కాంక్ష అంటే ఏమిటో పేరు తెలియనివాడి మొదటి చూపు అది. రామాయణంలో ఉన్న ఈ కథను ఎందరో చెప్పారు. చిత్రకారునికి ఇందులో దొరికింది మాత్రం, చూడటం నేర్చుకునే కన్ను. సిద్ధార్థ రాగోదయం ఇంకా సూక్ష్మం. లలితవిస్తరంలో శుద్ధోదనుడు కొడుకు చేత కన్యలకు బహుమతులు ఇప్పిస్తూ, అతని చూపు ఎవరి మీద నిలుస్తుందో కనిపెట్టడానికి చాటున మనుషులను ఉంచుతాడు. బహుమతులన్నీ అయిపోయాక గోప వస్తుంది. ఆమెనే ఇతర కథలు యశోధర అన్నాయి. చూసే రాకుమారుడు, చూడబడే కన్య, ఆ చూపును కాపలా కాసే రాజ్యం, ఈ మూడూ ఒక్క ఘట్టంలో ఉన్నాయి. రామారావు దీనికి పెట్టిన పేరులో ‘రాగం’ అన్నమాటకు ఎరుపు, ప్రేమ రెండూ అర్థాలే. చిత్రకారుడు పెట్టదగిన పేరు. ముఖ్యంగా, యశోధర ఇక్కడ ఖాళీ చేతులతో తిరిగిపోయే వస్తువు కాదు. కథలో ఆమె మాట్లాడుతుంది, నాకేదీ అని అడుగుతుంది. చూపుకు ఎదురుచూపు ఉంది. రవివర్మ చట్రం బయటకు పంపిన రెండో మనిషిని రామారావు మళ్ళీ లోపలికి పిలిచాడు.

ఈ చిత్రం 1924లో లండను వెంబ్లీ ప్రదర్శనకు వెళ్ళింది. బొంబాయిలో చదువు ముగించి స్వస్థలంలో చిత్రకళాశాల పెట్టి, మిత్రులకు నేర్పుతూ, రోజుకు ఎన్నో గంటలు గీస్తూ ఉన్న రామారావు 1925 ఫిబ్రవరి 6న మశూచికంతో మరణించాడు. ఇరవై ఎనిమిదో ఏడు ఇంకా నిండలేదు. దేహపు మేలిమిని అంతగా ప్రేమించినవాణ్ణి దేహాన్నే గుర్తుపట్టకుండా చేసే వ్యాధి కొనిపోయిందన్న ఆలోచన రాజమహేంద్రవరంలోని ఆయన పేరిటి చిత్రశాలలో అడుగుపెట్టిన ప్రతిసారీ నన్ను వెంటాడుతుంది. ఆ చిత్రశాల నిలిచింది వరదా వెంకటరత్నం వంటి మిత్రుల దీక్షవల్ల. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవారే. స్త్రీలు బొమ్మలో ఉండటమే తప్ప బొమ్మ గీయడం అరుదైన ఆ దినాల్లో, ఒకే ఇంట ఇద్దరు స్త్రీలు చూసేవారి వైపు నిలబడ్డారు. చరిత్ర రామారావుకిచ్చిన కొన్ని పుటలు కూడా వారికి ఇవ్వలేదు. ఇది మన లోపం.

తరువాతి దశాబ్దాలను వేగంగా దాటవచ్చు. 1937లో అమృతా షేర్‌గిల్ దక్షిణాపథ యాత్ర ముగించి గీసిన వధువు అలంకారంలో, లేపాక్షి పెళ్ళికూతురి చుట్టూ ఉన్న సంబరం లేదు. దిగులు, మౌనం ఉన్నాయి. అలంకరించబడే దేహానికి లోపల ఏమున్నదో ఒక స్త్రీ అడిగిన ప్రశ్న అది. తెలుగు ఇళ్ళలోకి మాత్రం చిత్రకళ వారపత్రికలు, మాసపత్రికల ద్వారానే ఎక్కువగా వచ్చింది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల్లో రాగిణులు, పురాణనాయికలు మేలిముసుగుల్లో వెలిగారు. బాపు నాలుగు గీతల్లో జడ, నడుము, కంటి కొన తేల్చాడు. సరిహద్దు ఇవతల హోసూరు వంటి పట్టణాల్లో తెలుగు చదివే కుటుంబాలకు భాషతో పాటు అందిన రూపసంపద ఇదే. అది మనోహరమైనది, కానీ ఆ నాయికలకు ఆకలి ఉండదు, వయసు ముదరదు, కాలికి దుమ్ము అంటదు.

ఆ దుమ్ము తెచ్చినవాడు కె. లక్ష్మా గౌడ్. 1940లో మెదకు జిల్లా నిజాంపూరులో పుట్టి, హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద కుడ్యచిత్రణ నేర్చుకొని తిరిగివచ్చిన ఈయన, 1960ల చివర, 1970లలో చేసిన ఎచింగులు, సిరా చిత్రాలు తెలుగు కళలో శృంగారానికి కొత్త భూమిక ఇచ్చాయి. ఆ పని తీరు తెలిస్తే గాని ఆ బొమ్మ పూర్తిగా తెలియదు. లోహపు పలకకు మైనపు పూత పూస్తారు. సూదితో ఆ పూతను గీరుతారు. ఆమ్లంలో ముంచితే గీరిన చోటనే లోహం తినుకుపోతుంది. ఆ పల్లాల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితంతో అదిమితే బొమ్మ దిగుతుంది. అంటే ప్రతి గీతా ఒక గాయం. తలపాగా మగవాడు, ముక్కుపుడక ఆడది, మేక, తడికె, చెట్టు, ఇవన్నీ ఆ గీతల్లో ఒకే చర్మం తొడుక్కున్నట్టు అల్లుకుంటాయి. వెంట్రుక, ఆకు, మేక బొచ్చు ఒకదానిలోకి ఒకటి పోతాయి. కాంక్ష ఇక్కడ దేవతలదీ కాదు, రాజులదీ కాదు, పొలం గట్టుది. ముఖ్యంగా పురుషుడు కూడా కాంక్షకు చిక్కిన దేహంగానే కనిపిస్తాడు, దూరాన నిలబడి చూసే కన్నుగా కాదు.

ఈ చిత్రాల దురుసుతనం అందరికీ రుచించలేదు; రుచించనవసరం లేదు కూడా. కొన్నింటిలో స్త్రీదేహం మోటైన కోరికకు ఆటపట్టుగా మిగిలిందన్న ఆక్షేపణను తోసివేయడం కష్టం. అయినా, రాధికా సాంత్వనం మీది 1911 నాటి నిషేధాన్ని, క్యాలెండరు తీపిని దాటి, మన ఊళ్ళలో మనుషులు ఒకరినొకరు ఎలా కోరుకుంటారో ముఖం చాటేయకుండా చూసిన తొలి తెలుగు చిత్రకారుడు ఆయనేనని నా నమ్మకం. చిత్రసూత్రం స్త్రీకీ కాముకునికీ కలిపి ఇచ్చిన మత్స్యోదర నేత్రం మళ్ళీ ఇద్దరి ముఖాల మీదికీ వచ్చింది.

తోట వైకుంఠం దారి వేరు. 1942లో కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన ఈయన స్త్రీలు చామనచాయ మేని, పెద్ద బొట్టు, ఎర్రని చీర, నిండైన భుజాలతో నేడు ప్రపంచమంతటా తెలిసినవారు. ఆ స్త్రీలకు మూలం తన తల్లి అని ఆయన చెబుతూ వచ్చారు. చిన్ననాట ఊరికి వచ్చిన నాటక బృందాల్లో ఆడవేషం కట్టిన మగవారి అందం కూడా తన్ను పట్టేసిందని అన్నారు. మనం స్త్రీదేహమని చూస్తున్న దానిలో కొంత, ఒక పురుషుడు రాత్రంతా శ్రమించి తన మీద తాను గీసుకున్న బొమ్మ అన్నమాట.

ఆ వేషం కృష్ణగిరి, చిత్తూరు సీమల్లో వేసవి వచ్చిందంటే ఇప్పటికీ కనిపిస్తుంది. ద్రౌపదమ్మ తిరునాళ్ళలో రాత్రిళ్ళు భారతం ఆడతారు. ద్రౌపదిగా నిలిచేది సంప్రదాయంగా మగవాడే. లేపాక్షి కప్పుమీద అర్జునుడు చేప కంటికి గురిపెట్టింది ఏ స్త్రీ కోసమో, ఆ స్త్రీయే ఇక్కడి గుడి ముందర నేలమీద నడుస్తుంది. ఆట మొదలుకావడానికి ముందు, తెర వెనుక దీపం దగ్గర, మీసం గీసుకున్న మనిషి ఒకడు చాపమీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటాడు. ముఖానికి రంగు పూయడం అయింది, సవరం కట్టడం అయింది, చీర ఇంకా కట్టలేదు. ఎడమచేతిలో చిన్న అద్దం. కుడిచేతి వేళ్ళ మధ్య కాటుక పుల్ల. ఊపిరి బిగబట్టి, కింది రెప్ప వెంట మొదలుపెట్టి, కంటి కొన దాటించి చెవి వైపుకు ఒక నల్లని గీతను మెల్లగా లాగుతాడు. అద్దాన్ని కాస్త దూరం జరిపి చూసుకొని, రెండో కంటికి వస్తాడు.